కారిబ్ వాయువు, క్యారోమోర్ నీరు

ఐర్లండు పటంలో వాయవ్య మూలన, అట్లాంటిక్ మహాసముద్రంలోకి భుజం చాచినట్లు కనిపించే ప్రాంతం మేయో కౌంటీ. అందులో కొట్టకొసన ఉన్న భాగాన్ని ఎర్రిస్ అంటారు. జనం పలుచన, గాలి ఉద్ధృతం, వాన దాదాపు నిత్యం. అక్కడి పల్లెల్లో కొన్నింట ఇప్పటికీ ఐరిష్ భాష వినిపిస్తుంది. డబ్లిన్, కార్క్ నగరాలలో స్థిరపడిన మన కుటుంబాలు అటువైపు వెళ్లే సందర్భాలు తక్కువ. అయినా ఆ మారుమూల పల్లెలలో 2000వ సంవత్సరం నుంచి దాదాపు పదిహేనేళ్లపాటు నడచిన ఒక వివాదం, గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన వారికి అపరిచితంగా తోచదు. భూగర్భం నుంచి వచ్చే వాయువు, పొలాల కింద వేసే గొట్టం, ఊరివారికి తెలియకుండా ఎక్కడో జరిగిపోయే నిర్ణయం, తాగే నీటిమీద అనుమానం: కోనసీమలోనైనా మేయోలోనైనా ఈ తగాదాకు ముడిసరుకు ఇదే. రాజకీయాల సంగతి అందరూ రాశారు. ఆ వివాదం అడుగున ఉన్న రసాయన, భౌతికశాస్త్రాల సంగతి అంతగా ఎవరూ విప్పి చెప్పలేదు.

మేయో తీరానికి సుమారు 83 కిలోమీటర్ల దూరంలో, 350 మీటర్ల లోతు నీటి అడుగున, సముద్రగర్భానికి మరో 3,000 మీటర్ల దిగువన సహజవాయు నిక్షేపం ఉన్నట్లు 1996లో ఎంటర్‌ప్రైజ్ ఆయిల్ అనే సంస్థ కనుగొన్నది. దానికి కారిబ్ అని పేరు పెట్టారు. గాల్వే నగరం పక్కనున్న పెద్ద సరస్సు పేరు కూడా అదే; ఆ సరస్సు ఈ కథలోకి ఇంకోవైపు నుంచి మళ్లీ వస్తుంది. 2002లో ఎంటర్‌ప్రైజ్‌ను షెల్ సంస్థ కొనుగోలు చేసింది. నార్వేకు చెందిన స్టాటాయిల్, అమెరికాకు చెందిన మారథాన్ భాగస్వాములు. వాయువును సముద్రగర్భం మీదుగా గ్లెన్‌గాడ్ అనే చోట ఒడ్డుకు చేర్చి, అక్కడి నుంచి సుమారు 9 కిలోమీటర్లు భూమిలోపలి గొట్టం ద్వారా బెల్లనబోయ్ అనే చోటికి తీసుకుపోయి శుద్ధి చేయాలన్నది పథకం. ఈ 9 కిలోమీటర్ల మీదనే తగాదా అంతా. దారిలో ఉన్న ఊరి పేరు రాస్‌పోర్ట్.

ఇళ్లలో పొయ్యి వెలిగించే వాయుగొట్టాలు ఐర్లండులో వేల కిలోమీటర్ల పొడవున ఉండగా ఈ చిన్న ముక్కకు అంత గొడవ ఎందుకన్నది ఆనాడు చాలామంది వేసిన ప్రశ్న. దానికి సమాధానం వాయువు ఏ స్థితిలో ప్రయాణిస్తున్నదన్న విషయంలో ఉంది.

బావినుంచి వచ్చిన వాయువు, వంటింటికి చేరే వాయువు ఒకటి కావు. కారిబ్ వాయువు మంచి రకమే. నూటికి 94 పాళ్లు మీథేన్; కొద్దిగా ఈథేన్, నత్రజని; దుర్గంధానికీ గొట్టాలు తినివేయడానికీ పేరుపడిన హైడ్రోజన్ సల్ఫైడ్ లేనట్లే. కాని పాతాళంలోని రాతిపొరలో ఉన్నప్పుడు అది నీటి ఆవిరితో తడిసి ఉంటుంది. పైకి వచ్చి చల్లబడగానే ఆ ఆవిరి నీరవుతుంది. నీరూ మీథేనూ, అధిక పీడనం, చల్లదనం, ఈ నాలుగూ ఒకచోట కలిస్తే ఒక విచిత్రం జరుగుతుంది. నీటి అణువులు పంజరాలుగా అల్లుకొని, ఒక్కొక్క పంజరంలో ఒక్కొక్క మీథేన్ అణువును బంధిస్తాయి. చూపుకు మంచుగడ్డలా ఉండే ఈ పదార్థాన్ని మీథేన్ హైడ్రేట్ అంటారు. దీనికి గడ్డకట్టే చలి అవసరం లేదు; 4 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద 40 బార్లు, 10 డిగ్రీల వద్ద 70 బార్ల పీడనం ఉంటే చాలు. ఒక ఘనమీటరు హైడ్రేటులో సుమారు 160 ఘనమీటర్ల వాయువు ఇమిడిపోతుంది. అగ్గిపుల్ల గీస్తే మంచుగడ్డ మండుతుంది! ప్రయోగశాలలో పిల్లలకు చూపించదగిన వింతే. గొట్టంలో ఏర్పడితే మాత్రం బిరడా బిగించినట్లు దారి మూసివేస్తుంది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ ప్రమాదం తరువాత, పారుతున్న చమురును పట్టడానికి దించిన ఉక్కు గుమ్మటం పనికిరాకుండా పోయింది ఈ హైడ్రేటు పేరుకోవడంవల్లనే.

అందుచేత కారిబ్‌లో బావి ముఖద్వారం వద్దనే వాయువులోకి మిథనాల్ ఎక్కిస్తారు. ఈ సారా సోదరి నీటి అణువులతో తానే చేయి కలిపి పంజరాలు అల్లుకోనీయకుండా అడ్డుపడుతుంది. దానితోపాటు తుప్పును అడ్డగించే రసాయనాలనూ పంపుతారు. బెల్లనబోయ్ కర్మాగారంలో జరిగేది ప్రధానంగా ఇదంతా విడదీయడమే: నీటినీ మిథనాల్‌నూ వేరుచేసి, మిథనాల్‌ను మళ్లీ బావికి పంపి, వాయువు పీడనం తగ్గించి చల్లబరచి మిగిలిన ద్రవాలను దించి, చిట్టచివర వాసనద్రవ్యం కలిపి దేశపు గొట్టాల వ్యవస్థలోకి వదులుతారు. ఆఖరి మాట గుర్తుంచుకోదగినది. వంటగ్యాసు లీకైతే ముక్కుకు సోకే ఆ కుళ్లిన వాసన మీథేన్‌ది కాదు, మనుషులు కలిపినది. రాస్‌పోర్ట్ పొలాల కిందినుంచి పోవలసిన వాయువుకు ఇంకా ఆ వాసన కలపలేదు. లీకైనా ముక్కు చెప్పదు.

ఇక పీడనం. కారు టైరులో ఉండేది సుమారు 2 బార్లు. దేశమంతటా వాయువును మోసే ఐర్లండు ప్రధాన గొట్టాలలో 70 నుంచి 85 బార్ల వరకు ఉంటుంది. రాస్‌పోర్ట్ మీదుగా వేయదలచిన గొట్టాన్ని 345 బార్లకు రూపొందించారు. రోజూ అంత పీడనంలో నడపాలని సంస్థ ఉద్దేశం కాదు. కాని కర్మాగారం వైపు కవాటం మూసుకున్నప్పుడు, బావి పీడనమంతా వచ్చి గొట్టంలో నిలిచిపోవచ్చు. ఆ గరిష్ఠానికి తట్టుకొనేటట్లు గొట్టం కట్టాలి. 508 మిల్లీమీటర్ల వ్యాసం, 27 మిల్లీమీటర్ల మందం గల ఉక్కు. గట్టిదనంలో లోపం లేదు. గ్రామస్థులు అడిగినది వేరే ప్రశ్న: పగిలితే?

ఈ ప్రశ్నకు గొట్టాల ఇంజనీర్లు వాడే ఒక సుళువైన సూత్రం ఉంది. అమెరికా ప్రమాణాలలో దీనిని ప్రభావ వ్యాసార్థం అంటారు. సన్నని సహజవాయువు మోసే గొట్టం పూర్తిగా తెగి మంట అంటుకుంటే, ఆ వేడికి మనుషులకూ ఇళ్లకూ తీవ్రమైన హాని కలిగే దూరం గొట్టపు వ్యాసానికీ, పీడనపు వర్గమూలానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. 508 మిల్లీమీటర్ల గొట్టానికి లెక్క కట్టితే అది చాలా ముచ్చటైన రూపంలోకి వస్తుంది: బార్లలో పీడనానికి వర్గమూలం తీసి 16తో హెచ్చిస్తే మీటర్లలో దూరం వస్తుంది. పదో తరగతి విద్యార్థి చేయగల లెక్క. 345కు వర్గమూలం దాదాపు 18.6, దూరం 297 మీటర్లు. మొదట ప్రతిపాదించిన దారిలో అతి దగ్గరి ఇల్లు గొట్టానికి 70 మీటర్ల దూరంలో ఉంది.

ఇది ముతక అంచనా మాత్రమే. ఇంత అధిక పీడనంలో మీథేన్ ఆదర్శవాయువులా ప్రవర్తించదు, గాలివాటం, నేలవాలు లెక్కలోకి రావు. అంతేకాదు, ఈ సూత్రం పగిలితే ఏమవుతుందో చెబుతుందిగాని పగిలే అవకాశం ఎంతో చెప్పదు. సంస్థ తరఫు నిపుణులు ఎప్పుడూ ఈ రెండో సంఖ్యనే చూపారు. మంచి ఉక్కుతో జాగ్రత్తగా వేసిన గొట్టం తెగే సంభావ్యత చాలా స్వల్పమన్నారు. అది నిజమే. అయితే సంభావ్యత ఎంత స్వల్పమైనా, దాని ఫలితం 70 మీటర్ల దూరంలో నిద్రిస్తున్న కుటుంబం మీద పడేటప్పుడు, ఆ సంఖ్య ఒక్కటీ చూపి సరిపెట్టుకొమ్మనడం శాస్త్రం అనిపించుకోదు. మరోవైపు గొట్టాన్ని భూమిలో పాతిన బాంబుతో పోల్చిన నినాదాలూ శాస్త్రీయం కావు. గొట్టంలోపల ప్రాణవాయువు లేదు గనుక అక్కడ ఏదీ పేలదు. గాలిలో మీథేన్ పాలు నూటికి 5కీ 15కీ మధ్య ఉన్నప్పుడే మంట పుడుతుంది.

తడి వాయువు విషయంలో భయం ఊహాజనితం కాదనడానికి తెలుగునేల మీదనే ఒక ఉదాహరణ ఉంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ సంస్థ 18 అంగుళాల గొట్టం నుంచి వాయువు లీకై, పల్లమంతా పరుచుకొని, నిప్పు తగిలి ఊరి మధ్య మంటలు లేచాయి. 20 మందికి పైగా మరణించారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో నీరూ ఇతర ద్రవాలూ కలిసిన వాయువు పంపడం, ఆ నీరు గొట్టం అడుగున నిలిచి లోపలినుంచి ఉక్కును తినివేయడం ప్రమాదానికి మూలకారణాలుగా విచారణలో తేలాయి. అంతకు పందొమ్మిదేళ్ల ముందు, 1995 జనవరిలో, అదే సీమలో పాశర్లపూడి బావి అంటుకొని 65 రోజులు మండింది. కోనసీమవాసికి ఈ సూత్రాలు ఎవరూ చెప్పనక్కరలేదు. నగరంలో గొట్టపు పీడనం కారిబ్ ప్రతిపాదనలో ఉన్నంత కాదు, మందమూ అంత కాదు. రెండూ ఒకటేనని చెప్పబూనడం తప్పు. పోలిక ఒక్క అంశంలోనే: శుద్ధి చేయని వాయువును జనావాసాల మధ్య నడిపేటప్పుడు గొట్టంలోపలి రసాయనశాస్త్రం ఊరివారి ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది.

ఈ కారణంగానే ఉద్యమకారులు శుద్ధి అంతా సముద్రంలోనే జరగాలన్నారు. వారి నినాదం, సంఘం పేరు కూడా అదే: షెల్ టు సీ. కార్క్ తీరానికి ఎదురుగా కిన్సేల్ నిక్షేపంలో 1978 నుంచి 2020 వరకు వాయువు సముద్రంలోని వేదికలమీదే సిద్ధమై ఒడ్డుకు వచ్చేది. అక్కడి నీటి లోతు 90 మీటర్లు. 350 మీటర్ల లోతులో అటువంటి వేదిక కట్టడం చాలా ఖరీదని సంస్థ వాదన. లోతు తక్కువ చోట తీరానికి ఇవతల కట్టవచ్చునని ఎదుటివారి వాదన. సాంకేతికంగా రెండోది అసాధ్యం కాదు. డబ్బు ప్రశ్నే మిగిలింది.

నిర్ణయించేది ఎవరు?

ఐర్లండులో స్థానిక ప్రభుత్వమంటే కౌంటీ కౌన్సిలు. ప్రజలు ఎన్నుకున్న సభ్యులుంటారు. కాని ఒక ఇంటికైనా ఒక కర్మాగారానికైనా కట్టడపు అనుమతి ఇచ్చేది వారు కాదు; నియమితుడైన ముఖ్య అధికారి. సభ్యులు అభివృద్ధి ప్రణాళిక ఆమోదిస్తారు, విడి దరఖాస్తుపై ఓటు వేయరు. ఆ నిర్ణయం నచ్చనివారు, దరఖాస్తుదారు కానివారు సైతం, జాతీయస్థాయి అప్పీలు మండలికి వెళ్లవచ్చు. ఈ కథ నడచిన కాలంలో చేయవలసినదల్లా అయిదు వారాలలోపు 20 యూరోల రుసుముతో అభ్యంతరం రాసి ఇవ్వడం. అది ఇచ్చినవారికే తరువాత అప్పీలు హక్కు. ఇంటిపక్క స్థలంలో ఏదో లేస్తున్నదని ఆలస్యంగా మేల్కొనే మనవారిలో ఈ నియమం తెలిసినవారు తక్కువ. ఆ మండలి పేరు ఆన్ బోర్డ్ ప్లనాలా. 1977లో ఏర్పడింది, 2025 జూన్‌లో దాని స్థానే ఆన్ కోమిషూన్ ప్లనాలా వచ్చింది.

కారిబ్ విషయంలో అధికారం ముక్కలు ముక్కలైపోయింది. బెల్లనబోయ్ కర్మాగారానికి అనుమతి కౌన్సిలుది. గొట్టానికి అనుమతి మంత్రిది. కాలుష్యపు లైసెన్సు పర్యావరణ పరిరక్షణ సంస్థది. సముద్రతీరానిది మరో విభాగం. ఏ ఒక్కరూ బావినుంచి పొయ్యిదాకా మొత్తం పథకాన్ని ఒకేసారి చూడలేదు. ఇదే ఈ వ్యవహారంలో అసలు రోగమని చెప్పాలి.

మేయో కౌన్సిలు 2001లో కర్మాగారానికి అనుమతి ఇచ్చింది. స్థానికులు అప్పీలు చేశారు. మండలి తరఫున విచారణ జరిపిన ఇన్‌స్పెక్టర్ కెవిన్ మూర్, తీరానికి 8 కిలోమీటర్లు లోపల, బురదనేల కొండమీద ఇటువంటి కర్మాగారానికి స్థలం ఎంచడమే తప్పని నివేదించారు. 2003 ఏప్రిల్‌లో మండలి అనుమతి నిరాకరించింది. అది చెప్పిన ప్రధానకారణం నేల: స్థలం చదును చేయడానికి తవ్విన లక్షల ఘనమీటర్ల పీట్ మట్టిని అక్కడే గుట్టలు పోస్తే జారిపోయే ప్రమాదం ఉందన్నది.

ఆ సంవత్సరం సెప్టెంబరు 19 రాత్రి, ఎండిన వేసవి తరువాత కురిసిన కుంభవృష్టికి, గ్లెన్‌గాడ్ వెనుకనే ఉన్న డూన్‌కార్టన్ కొండ సుమారు 40 చోట్ల జారింది. రోడ్లు, వంతెనలు దెబ్బతిన్నాయి. శ్మశానంలో కొంతభాగం సముద్రంలోకి కొట్టుకుపోయింది. ప్రాణనష్టం లేకపోవడం అదృష్టం. అయినా ఆ డిసెంబరులోనే కొత్త దరఖాస్తు వచ్చింది. ఈసారి దాదాపు 4,50,000 ఘనమీటర్ల పీట్‌ను లారీలలో స్రామోర్ అనే చోటికి తరలిస్తామన్నారు. 2004లో కౌన్సిలూ, మండలీ రెండూ అంగీకరించాయి.

గొట్టం దారిలోని భూములను 2002లో మంత్రి ఉత్తర్వులతో బలవంతంగా సేకరించారు. ప్రైవేటు సంస్థ కోసం అలా చేయడం ఐర్లండుకు కొత్త. మన దేశంలో 1962 నాటి చట్టం కింద వాయుగొట్టాలకు భూమిని కాదు, దాని కింద గొట్టం వేసుకునే వినియోగపు హక్కునే సేకరిస్తారు. రైతుకు భూమి విలువలో పదో వంతు పరిహారం, పంటనష్టం అదనం. గ్రామసభ అంగీకారం అందులో భాగం కాదు. రెండు దేశాలలోనూ గొట్టం ఊరిని అడగకుండానే ఊరు దాటుతుంది.

2005 జూన్ 29న, తమ పొలాలలోకి సంస్థ మనుషులను అడ్డుకోబోమని హైకోర్టుకు హామీ ఇవ్వనందుకు రాస్‌పోర్ట్ ప్రాంతం వారు అయిదుగురిని జైలుకు పంపారు. వారిలో రైతు విల్లీ కార్డఫ్, విశ్రాంత ఉపాధ్యాయుడు మీహాల్ ఓ షేగిన్ ఉన్నారు. 94 రోజులు జైలులో ఉన్నారు. దేశమంతటా ఊరేగింపులు జరిగాయి. ఆ వేసవిలోనే, అనుమతి లేకుండా సంస్థ 3 కిలోమీటర్ల గొట్టాన్ని అతికించినట్లు బయటపడి, దానిని విప్పవలసిందని మంత్రి ఆదేశించవలసి వచ్చింది. కార్డఫ్‌కు 2007లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం లభించింది. తరువాతి ఏళ్లలో పోలీసులకూ నిరసనకారులకూ జరిగిన తోపులాటలు వేరే వ్యాసానికి చాలినన్ని.

ఈలోగా లెక్కలు మారసాగాయి. ప్రభుత్వం నియమించిన అడ్వాంటికా నిపుణులు 2006లో పీడనం 144 బార్లకు మించరాదన్నారు. పై సూత్రంలో వేసి చూడవచ్చు: 144కు వర్గమూలం 12, దూరం 192 మీటర్లు. 2009 నవంబరులో అప్పీలు మండలి, ఇళ్లకు మరీ దగ్గరగా ఉండటంవల్ల ప్రతిపాదిత దారిలో సగందాకా ఆమోదయోగ్యం కాదని చెప్పి, పక్కనున్న స్రువాడకన్ అఖాతం వైపు చూడమన్నది. 2011 జనవరిలో అనుమతి పొందిన చివరి రూపంలో, అఖాతం కింద 4.9 కిలోమీటర్ల సొరంగం తవ్వి గొట్టాన్ని అందులో వేశారు. గ్లెన్‌గాడ్ వద్ద కవాటాలు పెట్టి భూభాగంలో గరిష్ఠ పీడనాన్ని 100 బార్లకు కట్టివేశారు. 100కు వర్గమూలం 10. దూరం 160 మీటర్లు. అతి దగ్గరి ఇల్లు ఇప్పుడు 234 మీటర్ల దూరంలో ఉంది. మొదటి పథకంలో ఇల్లు ప్రమాదవలయం నట్టనడుమ ఉండగా, చివరి పథకంలో దాని వెలుపలికి వచ్చింది. 2015 డిసెంబరు 30న వాయువు ప్రవహించింది. మొదట్లో 80 కోట్ల యూరోలనుకున్న ఖర్చు 300 కోట్లు దాటింది. 2018లో షెల్ తన వాటా అమ్ముకొని తప్పుకున్నది.

గొట్టం విషయంలో గ్రామస్థుల మొదటి అభ్యంతరం సరైనదేనని ఈ సంఖ్యలే సాక్ష్యం చెబుతున్నాయి. ఆ సంఖ్యలు 2001లోనూ ఎవరైనా కట్టగలిగినవే.

క్యారోమోర్ సరస్సు

నీటి విషయం ఇంత తేటగా తేలలేదు. బెల్లనబోయ్ స్థలంలో పడిన వాన వాగుల ద్వారా క్యారోమోర్ సరస్సులోకి చేరుతుంది. ఎర్రిస్ ప్రాంతంలో సుమారు 10,000 మంది తాగే నీరు ఆ సరస్సుదే. కర్మాగారానికి స్థలం తవ్వుతున్న కాలంలో, 2007 ప్రాంతాన, అక్కడినుంచి పారే నీటిలో అల్యూమినియం పాలు పెరిగిందన్న ఆరోపణ పెద్ద వివాదమైంది. అక్కడ అల్యూమినియం పరిశ్రమ ఏదీ లేదు. మరి ఆ లోహం ఎక్కడిది?

మట్టిలోదే. భూమి పైపొరలో ప్రాణవాయువు, సిలికాన్‌ల తరువాత అత్యధికంగా ఉన్న మూలకం అల్యూమినియం. బంకమట్టి అంతా దాని సమ్మేళనమే. మామూలుగా అది రాయిలో బిగిసి ఉంటుంది, నీటిలో కరగదు. కరగడం నీటి ఆమ్లత్వం మీద ఆధారపడి ఉంటుంది. పి.హెచ్. 6, 7ల మధ్య అల్యూమినియం దాదాపు కరగదు. 5కు దిగువకు జారితే ధనావేశపు అయాను రూపంలో కరగడం మొదలవుతుంది. విశేషమేమంటే 8.5 దాటితే మళ్లీ కరుగుతుంది, ఈసారి అల్యూమినేటు రూపంలో. అంటే నిర్మాణస్థలంలో సిమెంటు కలిసిన క్షారజలం వచ్చినా, బురదనేల ఆమ్లజలం వచ్చినా ఫలితం ఒకటే.

ఐర్లండు నేలలో దాదాపు అయిదో వంతు పీట్. వేల ఏళ్లుగా నాచూ గడ్డీ నీటిలో నాని, గాలి తగలక, పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న నల్లని పొర అది. బరువులో నూటికి 90 పాళ్లు నీరే. ముక్కలుగా కోసి ఎండబెట్టి, మన పిడకల మాదిరి పొయ్యిలో వాడుకోవడం ఇక్కడి పల్లెలలో తరతరాల అలవాటు. ఈ పీట్ నీరు సహజంగానే ఆమ్లం, పి.హెచ్. 4, 5ల మధ్య. కదిలించనంతకాలం అది కింది బంకమట్టికి మూతలా పడి ఉంటుంది. తవ్వి, కాలువలు తీసి, ఎండబెట్టినప్పుడు గాలి లోపలికి చొరబడి ఆక్సీకరణం మొదలవుతుంది, ఆమ్లం పెరుగుతుంది, కింది మట్టి బయటపడుతుంది. పీట్‌లోని హ్యూమిక్ ఆమ్లాలు అల్యూమినియాన్ని పట్టుకొని తమ వెంట నీటిలో మోసుకుపోతాయి కూడా. అందుచేత పీట్ నేలలో పెద్ద ఎత్తున తవ్వకం జరిగితే దిగువ నీటిలో అల్యూమినియం, గోధుమరంగు, బురద పెరగడం ఏ రసాయన శాస్త్రజ్ఞుడూ ముందే ఊహించగల విషయం. అడవులు నరికినా, పవన విద్యుత్ స్తంభాలు నాటినా ఇదే జరుగుతుంది. ఇటువంటి అల్యూమినియం తొలుత దెబ్బతీసేది చేపలను. ఆమ్లజలంలో అది సాల్మన్ చేప మొప్పలమీద పేరుకొని ఊపిరి ఆడనీయదు.

మనిషి సంగతి? తాగునీటిలో అల్యూమినియానికి యూరపు సమాజం విధించిన హద్దు లీటరుకు 200 మైక్రోగ్రాములు. ఆరోగ్యవంతుడి పేగులు అల్యూమినియాన్ని చాలా స్వల్పంగా మాత్రమే పీల్చుకుంటాయి. ఆ కొద్దినీ మూత్రపిండాలు బయటికి పంపుతాయి. మూత్రపిండాలు చెడి డయాలిసిస్ చేయించుకునేవారికి మాత్రం ఇది విషమే. 1970లలో ఆ నీటిలోని అల్యూమినియంవల్ల రోగుల మెదడు దెబ్బతినడం చూసి నియమాలు బిగించారు. అల్జైమర్ వ్యాధికీ దీనికీ ముడిపెట్టే వాదం రుజువు కాలేదు.

ఇందులో ఒక చమత్కారం ఉంది. నీటిని శుభ్రం చేయడానికి వాడేదీ అల్యూమినియమే. మన పల్లెలలో బిందెలో చిల్లగింజ అరగదీసినా, పటిక తిప్పినా బురద అడుగుకు చేరేది. పటిక అంటే పొటాసియం అల్యూమినియం సల్ఫేటు. నీటికేంద్రాలలో వాడేది దాని తమ్ముడు అల్యూమినియం సల్ఫేటు. ధనావేశపు అల్యూమినియం, ఋణావేశపు మట్టికణాలనూ హ్యూమిక్ పదార్థాలనూ ముద్దలుగా కట్టి దించివేస్తుంది. పి.హెచ్. సరిగా నిలిపితే అల్యూమినియం అంతా ముద్దతో పాటు పోతుంది. తప్పితే నీటిలోనే మిగిలి కుళాయికి చేరుతుంది. అంటే కుళాయి నీటిలో అల్యూమినియం ఎక్కువ కనిపించినప్పుడు అది కొండమీది తవ్వకానిదా, నీటికేంద్రంలోని అజాగ్రత్తదా అని ఒక్క కొలతతో తేల్చడం కుదరదు. సరస్సులోకి వచ్చే వాగులలో, సరస్సులో, కేంద్రానికి వెళ్లే నీటిలో, బయటికి వచ్చే నీటిలో వేర్వేరుగా, తవ్వకానికి ముందునుంచీ కొలవాలి. తవ్వకం మొదలయ్యాక తీసిన నమూనాలతో నిన్నటి నీరు ఎలా ఉండేదో చెప్పలేము. ఇటువంటి వివాదాలు ఏళ్ల తరబడి తెగకపోవడానికి ఇదొక కారణం. అజాగ్రత్త ఎంతదాకా పోగలదో చూపినది ఇంగ్లండులోని కామెల్‌ఫర్డ్ ఉదంతం: 1988 జూలై 6న 20 టన్నుల అల్యూమినియం సల్ఫేటు ద్రావణాన్ని పొరపాటున వేరే తొట్టిలో పోయగా 20,000 మంది కుళాయిలలోకి నేరుగా పోయింది.

పీట్ నీటితో రెండో చిక్కు క్లోరిన్‌ది. గోధుమరంగు పూర్తిగా తీయకుండా క్లోరిన్ కలిపితే, హ్యూమిక్ పదార్థాలతో అది చర్య జరిపి క్లోరోఫాం మొదలైన ట్రైహాలోమీథేన్లను పుట్టిస్తుంది. హాలండులో యోహానెస్ రూక్ 1974లో దీనిని కనిపెట్టేవరకు ఎవరికీ తెలియదు. దీనికి హద్దు లీటరుకు 100 మైక్రోగ్రాములు. ఈ హద్దును అనేక చోట్ల మీరుతున్నందుకు 2024 జనవరిలో యూరపు న్యాయస్థానం ఐర్లండు తప్పు చేసిందని తీర్పు చెప్పింది. అలాగని క్లోరిన్ మానలేము. మానితే కలరా, టైఫాయిడ్ కాచుకొని ఉంటాయి. క్లోరిన్‌కు లొంగని జీవులూ ఉన్నాయి. 2007 మార్చిలో గాల్వే నగరపు నీటిలోకి, అదే కారిబ్ పేరుగల సరస్సు నుంచి, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చేరి 200 మందికి పైగా జబ్బుపడ్డారు. సుమారు అయిదు నెలలు నగరవాసులు నీరు కాచి తాగవలసి వచ్చింది. తప్పు ఎవరిదని కౌన్సిలు, కేంద్రప్రభుత్వం వేళ్లు చూపుకున్నాయి.

2014 జనవరి నుంచి నీటి సరఫరా బాధ్యత కౌన్సిళ్లనుంచి జాతీయ సంస్థకు మారింది; ఆనాటి ఐరిష్ వాటర్‌నే ఇప్పుడు ఇష్క ఏరన్ అంటున్నారు. నీటి కొలతలు ఆ సంస్థ వద్ద, పర్యావరణ పరిరక్షణ సంస్థ వద్ద ఉంటాయి. కొండమీది తవ్వకానికి అనుమతి మాత్రం ఇప్పటికీ కౌన్సిలుదో, అప్పీలు మండలిదో. నదిని బట్టి కాక శాఖను బట్టి అధికారం పంచుకోవడం మారలేదు.

తమ కుళాయి నీటి సంగతి తెలుసుకోదలచిన కుటుంబాలు అడగవలసినవి ప్రధానంగా మూడు సంఖ్యలు: పి.హెచ్., అల్యూమినియం, మొత్తం ట్రైహాలోమీథేన్లు. నీరు గోధుమరంగుగా ఉండే పడమటి కౌంటీలలో మూడోది మరీ ముఖ్యం. బూడిదరంగు బొగ్గు వడపోత కూజాలు దానిని కొంతవరకు తగ్గిస్తాయి, కాచడంవల్ల కూడా కొంత పోతుంది, అయితే కిటికీ తెరచి కాచాలి. పర్యావరణ సమాచారం పొందే హక్కు ఇక్కడ 2007 నాటి నియమావళి ప్రకారం పౌరులు కానివారికి కూడా ఉంది. కారణం చెప్పనక్కరలేదు, మామూలుగా నెలలోపు సమాధానం ఇవ్వాలి. మన దేశపు 2005 సమాచార హక్కు చట్టంలో గడువు 30 రోజులు, కాని అది పౌరులకే. ఉత్తరంలో సరఫరా ప్రాంతం పేరు, కావలసిన సంవత్సరాలు, నమూనా తీసిన చోటు స్పష్టంగా రాస్తే సరిపోతుంది.